ఎండ రోజు పడిన మంచు

మా పై అంతస్తు పెద్దాయన పోయారన్న కబురు నేను గోదాములో, సరుకు దించుతున్న లారీ పక్కన నిలబడి ఉండగా వచ్చింది. ఆయన కూతురు ఫోన్ చేసింది. "అన్నా, నాన్న పోయారు. ఇప్పుడే. నేను పక్కనే ఉన్నాను" అంది. లారీ డ్రైవరు సంతకం కోసం కాగితం చాచి నిలబడ్డాడు. సంతకం పెట్టాను.

ఆ క్షణంలో నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, భయం. నా భార్య తమ్ముడు హిమాలయాల్లో ఒక సొరంగం పని దగ్గర, ఒక మంచు వాలు కింద రేకు షెడ్డులో ఉంటున్నాడు. అక్కడ కొన్ని రోజులుగా మంచు తెరిపి లేకుండా పడుతోంది. ఆ వాలు సంగతి తెలిసిన మనిషి మాకు ఒక్కరే ఉండేవారు. ఆయన ఆ ఉదయం పోయారు.

సింగపూరు బుకిట్ పంజాంగ్‌లో మా బ్లాకు వైపు వచ్చేవాళ్లలో కొందరైనా ఆయన్ని చూసే ఉంటారు. పొడుగ్గా, సన్నగా, ఈ ఉక్కలో కూడా మణికట్టు దాకా చొక్కా వేసుకుని, ఎల్.ఆర్.టి. రైలు స్టేషను కింద నిలబడి మేఘాలకేసి చూస్తుండేవారు. దారిన పోయే చైనీస్ ముసలమ్మలు ఆయన చూస్తున్న వైపే తామూ చూసి, అక్కడేమీ కనబడక నవ్వుకుంటూ పోయేవారు. ఎడమ చేతి రెండు వేళ్లకు కొసలు ఉండేవి కావు. పిల్లలు అడిగితే, "మంచు తినింది. దానికీ ఆకలైతాది గదా" అనేవారు.

అనంతపురం జిల్లా మనిషి. ఉద్యోగమంతా హిమాలయాల్లోనే, ఎంత మంచు పడిందో కొలిచే పని. "వానే రాని ఊరోణ్ణి తీస్కపోయి మంచు కొలవమన్నారప్పా. దేవుడి కన్నా సర్కారుకే తమాషా ఎక్కువ" అని తన మీద తనే నవ్వుకునేవారు. భార్య పోయాక కూతురు ఇక్కడికి తెచ్చుకుంది. ఇక్కడే పుట్టిన మనవరాలు ఆయన్ని వదిలేది కాదు. "తాతా, సింగపూర్‌లో స్నో లేదు లా. యూ ఆర్ జాబ్‌లెస్" అని ఏడిపించేది. "మంచు లేని చోట కూర్చుంటేనే తల్లీ మంచు గురించి నిజం చెప్పగలిగేది. ఆడుంటే చలికి నోరు తిరగదు" అనేవారు ఆయన.

మా పరిచయం లిఫ్టులో మొదలైంది. నాకు మాటలు తక్కువ. లిఫ్టులో ఇద్దరమే ఉన్నామని, ఏదో ఒకటి అనాలని, "ఇవాళ వాన బాగా పడింది అంకుల్" అన్నాను.

"బాగా అంటే ఎంత?"

నాకు కాస్త చిరాకేసింది. అయినా మా వరండాలో పెట్టిన బాల్చీలో రెండు వేళ్ల నీళ్లు నిలిచాయని చెప్పాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"బాల్చీ గోడ పక్కనుందా, బయటికుందా?"

"గోడ పక్కనే."

"అయితే సగం వాన గోడే తాగింది పో."

ఆ తర్వాత నాకు అర్థమైంది, ఆయన ఏ అంకెనూ ఊరికే పోనివ్వరని. టీవీలో ఈ రోజు ఇంత వేడి అని చెప్తే, "యాడ పెట్టి చూసినారు? నీడలోనా, రోడ్డు పక్కనా?" అనేవారు. మార్కెట్లో చేపలమ్మే ఆవిడ తక్కెడ ముందు వంగి, అది ఏటవాలు బల్ల మీద ఉందేమో చూసేవారు. కూతురు సిగ్గుపడి, "నాన్నా, పద" అని చెయ్యి పట్టి లాగేది. "కొలిచినోడు యాడ నిలబడినాడో ముందు చెప్పాల. ఎంతో తర్వాత" అన్నది ఆయన తరచూ అనే మాట. నేను గోదాములో రోజువారీ లెక్కలు రాస్తాను. ఎవరూ నేర్పలేదు, చూసి నేర్చుకున్నాను. ఆ మాట నన్ను పట్టుకుంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన, మనవరాలు, నేను హాకర్ సెంటర్లో, తిండి కొట్ల మధ్య కూర్చున్నాం. పిల్ల ఐస్ కచాంగ్ చెప్పింది. గిన్నె నిండా తురిమిన ఐసు గోపురంలా పోసి, మీద రంగురంగుల పాకం పోసి తెచ్చారు. పెద్దాయన ఒక పుల్ల తీసి గోపురం పక్కన నిలబెట్టి, శిఖరం దగ్గర గోటితో గీత పెట్టారు. "ఇంత ఉంది. సరేనా?" అని పుల్ల అక్కడే ఉంచి, నాతో మా ఊరి కబుర్లు మొదలుపెట్టారు. మాట్లాడుతుండగా గోపురం కుంగింది. ఎవరూ ఒక్క చెంచా తినలేదు.

"ఇప్పుడు చూడు. గీత యాడుంది, ఐసు యాడుంది? ఏది నిజం?"

"రెండూ నిజమేగా అంకుల్."

"రెండూ అబద్ధం కూడా కావచ్చు."

"తాతా, ఈట్ లా! మెల్టింగ్!" అని పిల్ల గిన్నె లాక్కుంది.

అప్పుడు చెప్పారు. మంచు తన బరువుకు తనే కుంగుతుంది. మంచు మీద చెక్కపలక పరిచి, దాని మీద పడింది కొన్ని గంటలకొకసారి కొలిచి, తుడిచి, మళ్లీ పరిచి, అన్నీ కూడితే ఒక లెక్క. రాత్రంతా వదిలేసి పొద్దున ఒక్కసారి కొలిస్తే అంతకన్నా తక్కువ లెక్క. ఆకాశం నుంచి పడింది ఒకటే. పాతకాలం వాళ్లలో ఒకరు అలా కొలిచేవారు, ఒకరు ఇలా. ఇంకొకరు కంబళి కప్పుకుని, కిటికీలోంచి కంచె ఎంత మునిగిందో చూసి రాసేవారు. ఒకాయన రిటైరై ఇంకొకాయన వస్తే, కాగితం మీద కొండ వాతావరణమే మారిపోయినట్టు కనిపించేది. "ఆకాశం మారలేదప్పా. కొలిచేవాని మోకాళ్లు మారినాయి" అని నవ్వారు.

"అయితే పాత లెక్కలు నమ్మకూడదన్నమాట."

ఆయన పుల్లను తుడిచి జేబులో పెట్టుకున్నారు. "నమ్మొచ్చు. ఆ మనిషి ఎట్లాంటోడో తెలుసుకుని నమ్మాల. మనిషి తప్పుకు ఒక అలవాటుంటుంది. ఒకడు ఎప్పుడూ పూర్తి జానలే రాస్తాడు. ఒకడు జాతరకు పోయొచ్చి, దుకాణం వాణ్ణి అడిగి రాస్తాడు. వాని తప్పు ఏ పక్కకు ఒరుగుతాదో నాకు తెలుసు. దాన్ని నిలబెట్టి చదువుకుంటా. మిషను తప్పు అట్ల కాదు. ఏడాదంతా బంగారం మాదిరి చెప్పి, ఏ రోజు చెప్పాల్నో ఆ రోజు నోరు మూస్తాది."

మిషను నోరు ఎలా మూస్తుందో ఆయన తమ ఇంట్లో చూపించారు. నేల మీద పేపరు పరిచి, మధ్యలో స్టీలు గ్లాసు పెట్టి, నన్ను కుర్చీ ఎక్కించి, కూతురి పౌడరు డబ్బా చేతికిచ్చారు. ఫ్యాను ఆపి ఉన్నప్పుడు చల్లితే గ్లాసులో పౌడరు చక్కగా పడింది. ఫ్యాను వేసి చల్లమన్నారు. సోఫా తెల్లబడింది, టీవీ తెల్లబడింది, ఆయన తల ముందే తెలుపు. గ్లాసు అడుగున మాత్రం ఉందా లేదా అన్నంత. అప్పుడే కూతురు ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది.

"నాన్నా! ఏంటిదంతా?"

"మంచు తల్లీ."

"ఈ మంచు ఎవరు ఊడుస్తారు?"

"ఆ అన్నే ఊడుస్తాడు. కురిపించింది ఆయనే గదా."

నేనే ఊడ్చాను. ఊడుస్తుంటే పక్కన కూర్చుని ఆయన మిగతాది చెప్పారు. కొండల్లో ఇప్పుడు మనుషులు లేరు. స్తంభాల మీద పాత్రలు పెట్టారు. పాత్రలో పడిన మంచును అదే తూచి, అదే ఆఫీసుకు పంపుతుంది. గాలి వేస్తే మంచు దాని మూతి మీదుగా పక్కకు పోతుంది. గాలికి అడ్డంగా చుట్టూ రేకులు కడతారు. అవి ఊడితే కట్టేవాడుండడు. అన్నిటికన్నా చెడ్డది తడి మంచు. అది మూతి అంచులకు పట్టుకుని, పాల మీద మీగడ కట్టినట్టు మూసేస్తుంది. ఆపైన ఎంత పడినా లోపలికి పోదు. ఎంత ఎక్కువ పడితే అంత గట్టిగా మూసుకుంటుంది.

"అప్పుడు మిషను సున్నా చూపిస్తాది. సున్నా అంటే మంచు పడలేదని కాదప్పా. పాత్రలోకి రాలేదని. ఆ తేడా తెలీక కొంపలు మునిగినాయి."

ఆ చివరి మాటకు ఆయన నవ్వలేదు. ఎవరి కొంపలని నేను అడగలేదు.

దసరా దాటాక నా బావమరిదికి ఉద్యోగం వచ్చింది. కొండల్లో సొరంగం తవ్వే పని దగ్గర క్యాంటీను, సరుకుల గది చూసుకోవాలి. మాది సముద్రం పక్క ఊరు. వాడు స్వెట్టరు కూడా మొదటిసారి కొనుక్కున్నాడు. మా బ్లాకు కింద కాఫీ కొట్టు దగ్గర మాటల్లో ఆ లోయ పేరు చెప్పాను. పెద్దాయన పాలు లేని కోపి-ఓ కప్పు నోటి దాకా తీసుకెళ్లి, తాగకుండా కింద పెట్టారు.

"యాడ పడుకుంటారు వాళ్లు?"

"షెడ్లలో."

"ఏటికి ఏ పక్క?"

నాకు తెలియదు. అక్కడికక్కడే ఫోన్ చేయించి, స్పీకరు పెట్టమన్నారు.

"ఒరే, నువ్వు పడుకునేది ఏటికి ఏ పక్క?" అన్నాను.

"ఏంటి బావా, వాస్తు చూస్తన్నావా?"

"అంకుల్ అడుగుతున్నారు. చెప్పు."

"ఎండొచ్చే పక్క అంకుల్! పొద్దున్నే మా మీదే పడుద్ది ఎండ. అవతల పక్కోళ్లకి మధ్యాహ్నం దాకా చలే. మనది బ్రహ్మాండంగా ఉంటది."

పెద్దాయన కళ్లు మూసుకున్నారు. "మీ నెత్తిన వాలు కనిపిస్తాందా నాయనా? దాని మీద చెట్లున్నాయా?"

"అటూ ఇటూ ఉన్నాయండి. మధ్యలో మాత్రం ఒక్క చెట్టు లేదు. పైనుంచి కింద దాకా దువ్వెనతో దువ్వినట్టు నున్నగా ఉంటది. చూట్టానికి భలే ఉంటదిలెండి."

"దువ్వింది ఎవరనుకున్నావు?"

వాడు నవ్వబోయి ఆగిపోయాడు.

ఆ లోయలో పెద్దాయన ఉద్యోగంలో చేరిన కొత్తలో కొన్ని చలికాలాలు పనిచేశారు. బావమరిది ఉంటున్న ఒడ్డునే గుంజ పాతి మంచు కొలిచేవారట. కొలిచిన వెంటనే వంతెన దాటి వచ్చేసేవారట. చలికాలంలో ఊరివాళ్లు ఆ ఒడ్డున మేకను కూడా కట్టేవారు కాదు. వాలు మీది మంచు ఒక్కసారిగా జారితే కింద ఉన్నదంతా పూడిపోతుందట. పాత లెక్కల్లో ఆ వాలు మీద మంచు విపరీతం. కొత్త పరికరం పెట్టాక వచ్చిన లెక్కల్లో తక్కువ. కొత్తవి చూసి, మంచు తగ్గిపోయిందని నిశ్చయించుకుని, ఎండ తగిలే ఒడ్డున షెడ్లు వేశారు.

"నిజంగా తగ్గిందేమో అంకుల్. అంతటా తగ్గుతోందంటున్నారుగా" అన్నాను.

"తగ్గింది. చానా చోట్ల నిజంగానే తగ్గింది. నా భయమే అది. నిజంగా తగ్గుతాంది కాబట్టి, ఏ మిషను తగ్గిందని చెప్పినా ఎవరూ మారు మాట అడగరు."

తర్వాత ఒక రోజు బావమరిది ఫోను అక్కడి ఇంజనీరు చేతికిచ్చాడు. కరీంనగర్ వైపు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆ సంభాషణ అంతా నేను పక్కనుండి విన్నాను.

"నమస్తే సార్. మీరు సీనియర్లు. గానీ సార్, ఇప్పుడు అంత ఆటోమేటిక్. గంటగంటకు రీడింగ్ వస్తది."

"మూతి ఎవరన్నా చూస్తారా నాయనా?"

"ఏ మూతి సార్?"

"ఆ పాత్ర మూతి. మంచు కప్పేస్తే?"

"హీటర్ ఉంటది సార్, కరిగిపోతది."

"తుపానులో కరెంటుంటుందా?"

"ఒక్కోపారి ఉండదు సార్."

"తుపాను పోయి ఎండొచ్చినాక, రీడింగు ఒక్కసారి పైకి లేస్తాదా?"

"అరే, అవును సార్! మీకెట్ల తెలుసు? ఆకాశం మంచిగ నీలంగ ఉంటది, మిషన్ల మాత్రం ఇంత మంచు పడ్డట్టు చూపిస్తది. అది ఎర్రర్ సార్. ఎండ కొడ్తుంటె మంచెట్ల పడ్తది? ఆఫీసోళ్లు దాన్ని తీసేస్తరు. డేటా క్లీన్ చేస్తరు."

"శుభ్రం చేస్తారు" అన్నారు పెద్దాయన, తనలో తను చెప్పుకున్నట్టు.

ఆయన ఆ కుర్రవాడికి ఓపికగా విడమరిచి చెప్పారు. మూతి మీద కట్టిన మంచు ఎండకు వదులై పాత్రలోకి జారుతుంది. అది అబద్ధపు మంచు కాదు. తుపానులో పడిన మంచే, ఆలస్యంగా లోపలికి వచ్చింది. తుపాను రోజు సున్నా, ఎండ రోజుది కొట్టివేత. అంటే అంత తుపానూ లెక్కలోంచే మాయమైంది. అవతల కుర్రవాడు "ఓకే సార్, ఓకే సార్" అంటున్నాడు. ఫోను పెట్టేశాక పెద్దాయన నాతో అన్నారు: "ఇది మనబోటి వాన దేశమోళ్లు చేసే తప్పు. వాన పడినప్పుడే పాత్ర నిండుతాది. మనకు అంతే తెలుసు. మంచు గడపలో ఆగి, పాత్రలోకి ఎప్పుడు పోవాల్నో అదే అనుకుంటాది."

కంపెనీకి మెయిలు రాశారు. చాలా మర్యాదగా జవాబు వచ్చింది. మర్యాద తప్ప అందులో ఏమీ లేదు.

అప్పుడు బావమరిది చేత ఒక చెక్కపలకకు తెల్లరంగు వేయించి, క్యాంటీను వెనక, గోడకు దూరంగా పెట్టించారు. పొద్దున, సాయంత్రం కొలవాలి. తుడిచి మళ్లీ మంచు మీదే పెట్టాలి. వాడు పలక లెక్కా, ఇంజనీరు స్క్రీన్ మీది మిషను లెక్కా రోజూ నాకు పంపేవాడు, నేను కాఫీ కొట్టు దగ్గర ఆయనకు వినిపించేవాణ్ణి.

"అంకుల్, నన్ను ఇక్కడందరూ పలక పంతులంటన్నారండి" అని వాడు ఒకసారి మొర పెట్టుకున్నాడు.

"అననీ. నువ్వు ముఖం కడగకముందే పలక కడుగు."

మొదట్లో పలకా, మిషనూ దాదాపు ఒకటే చెప్పాయి. పెద్దాయన ఆ సంగతి దాచలేదు, సంతోషపడ్డారు కూడా. "చూసినావా, మంచి మిషనే. గాలి లేని రోజు నిజమే చెప్తాంది." ఆయన మిషను ఓడిపోవాలని చూడలేదు. చదివేవాళ్లకు ఈ సంగతి తెలియాలని రాస్తున్నాను.

జనవరిలో ఇక్కడ వానలు పట్టాయి. అక్కడ మంచు పట్టింది. పెద్దాయనకు ఆయాసం ఎక్కువై ఆస్పత్రిలో చేర్చారు. పని అయ్యాక నేను వెళ్లేవాణ్ణి. కిటికీ పక్క మంచం. వాన అద్దాన్ని కొడుతుంటే, ముఖానికి పెట్టిన ఆక్సిజన్ గొట్టం పక్కకు తీసి, ఆయన అడిగే మొదటి ప్రశ్న, "పలక ఏమంటాంది?"

పలక రోజురోజుకూ పెరిగింది. మిషను రెండో రోజే తగ్గడం మొదలుపెట్టి, తర్వాత సున్నా దగ్గర నిలబడిపోయింది. అలా ఒక సాయంత్రం, నేను ఆస్పత్రిలో ఉండగా, సిగ్నలు కాసేపు దొరికింది. బావమరిది గొంతు గాలిలో చిరిగిపోతూ వినబడింది.

"చేతిలో ఉండ అవుతాందా?" అని పెద్దాయన అడిగారు.

"అవుతంది అంకుల్. రాయల్లే అవుతంది."

"దాని అడుగున పాత మంచు తవ్వి చూడు. ఎట్లుంది?"

కాసేపటికి వాడు, "పంచదారల్లే ఉందండి. గుప్పెట్లో నిలవట్లేదు, జారిపోతంది" అన్నాడు.

పెద్దాయన ఫోను నా చేతికిచ్చేశారు. "పంచదార మీద ఇటుకలు పేర్చినాడప్పా దేవుడు. అడుగు జారితే వాలంతా కిందికొస్తాది" అన్నారు.

నర్సు వచ్చి మాట్లాడొద్దని చెప్పి వెళ్లింది. ఆమె వెళ్లాక నన్ను దగ్గరకు రమ్మన్నారు. "ఈ గాలిలో వంతెన మీదికి పోవద్దను. మనిషి నిలబడడు. పడేటప్పుడు అందరూ భయపడతారు, జాగ్రత్తగానే ఉంటారు. పడి ఆగి, మొదటి ఎండ వస్తాది చూడు, అప్పుడు హాయిగా బయటికొస్తారు. ఆ పొద్దున ఆ ఒడ్డున ఉండకూడదు. ఎండ వాలుకు తగలకముందే దాటాల. నేను చెప్పినానని చెప్పు."

"రేపు మీరే చెప్పండి అంకుల్."

ఆయన దుప్పటి పైకి లాక్కున్నారు.

"ఒకవేళ ఏమీ కాకపోతే?" అన్నాను. "వాణ్ణి చూసి అందరూ నవ్వుతారు."

"నవ్వనీ. నవ్వేటోళ్లు బతికున్నట్లే గదా."

ఆయన నాతో అన్న ఆఖరి మాట అదే. మర్నాడు ఉదయం గోదాములో ఆ కబురు విన్నాను. ఆ రోజంతా కొండల్లో సిగ్నలు లేదు.

అంత్యక్రియలు ఆ మర్నాడు మండాయ్ దహనశాల‌లో జరిగాయి. హాల్లో పెట్టె మూత ఇంకా వేయలేదు. కూతురు పూలు సర్దుతోంది. మనవరాలు తాత చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే పెడుతోంది. నా జేబులో ఫోను మోగింది.

"బావా! తెరిపిచ్చేసింది! ఇంకా తెల్లారతంది, ఒక్క మబ్బు లేదు. స్క్రీన్ మీద మంచు పెద్దగా పడనే లేదంట. షెడ్ల మీద దులిపేసి డ్యూటీ ఎక్కమంటన్నారు. అంకుల్ని అడుగు, ఏమంటారో."

నేను పెట్టెకేసి చూశాను. చేతులు ఛాతీ మీద కట్టి ఉన్నాయి.

"దాటమన్నారు" అన్నాను.

"ఇప్పుడేనా?"

"ఎండ వాలుకు తగలకముందు."

"ఒక్కసారి ఆయనకియ్యి బావా. ఇంజనీరు గారితో ఆయనే చెప్తే నలుగురూ వింటారు. నేను చెప్తే పలక పంతులంటారు."

"ఆయన మాట్లాడలేరు."

"పడుకున్నారా?"

"ఒరే, నువ్వు నడువు! నలుగురినీ తీసుకుని నడువు!"

హాల్లో అందరూ నా వైపు తిరిగారు. అంత గట్టిగా నేను ఎప్పుడూ మాట్లాడి ఎరగను. ఆయన కూతురు మాత్రం తలెత్తలేదు. పూలు సర్దుతూనే, "సరిగ్గా చెప్పారన్నా" అంది.

కాసేపటికి అద్దం వెనక పెట్టె తనంతట తనే కదిలి తలుపులోకి వెళ్లింది. అది కనుమరుగయ్యాక బయటికి వచ్చి ఫోను చూశాను. వాళ్లు దాటారు. క్యాంటీను వాళ్లు, కూలీల్లో చాలామంది. అవతలి ఒడ్డున పాత రాతి బడి ఒకటుంటే దాని తాళం పగలగొట్టి కూర్చున్నారు. అప్పుడు బావమరిదికి నిజం చెప్పాను. "మరి నాతో చెప్పింది ఎవరు బావా?" అన్నాడు వాడు. "ఆయనే. మొన్న" అన్నాను.

ఆ రోజు వాలు కదలలేదు.

నేను దాచకుండా రాయాలి. ఆ రోజూ కదలలేదు, ఆ మర్నాడూ కదలలేదు. చలికి ఓర్చుకోలేక, పని పోతుందన్న భయంతో, దాటినవాళ్లు ఒక్కొక్కరే నవ్వుకుంటూ షెడ్లకు తిరిగి వెళ్లారు. ఇంజనీరు అసలు దాటలేదు. పెద్దాయన పోయిన సంగతి తెలిసి ఆ కుర్రవాడు నాకు ఫోన్ చేశాడు.

"సార్ చెప్పినట్టే అయింది. మధ్యాహ్నం ఎండల రీడింగ్ ఒక్కపారిగ లేచింది. నేను ఉంచమని చెప్పిన. ఆఫీసోళ్లు తీసేసిన్రు."

"మరి మీరు అవతలికి వెళ్లొచ్చుగా?"

"పర్మిషన్ కావాలె సార్. ఏం చూపించి అడగాలె? లెక్కల మంచే లేదు."

సరుకు రాని రోజుకూ, వచ్చినా తూకం వేయని రోజుకూ తేడా నాకు తెలుసు. కొండను తూచడం నాకు రాదు. పంచదార మీద ఇటుకలు ఎన్నాళ్లు నిలుస్తాయో పెద్దాయనకైనా తెలిసేదో లేదో. తను పొరబడి ఉండాలనే ఆయన కోరుకుని ఉంటారని నా నమ్మకం. నేనూ రోజూ అదే కోరుకుంటున్నాను.

బావమరిది మాత్రం తిరిగి వెళ్లలేదు. రాతి బడిలో ఇద్దరు వంటవాళ్లతో పడుకుంటున్నాడు. పగలు వంతెన దాటి వెళ్లి వండి పెట్టి, వెంటనే వచ్చేస్తున్నాడు. జీతం కోస్తామన్నారట. వాళ్లక్క రోజూ ఫోనులో ఏడుస్తూ వచ్చేయమంటోంది. దారి తెరవగానే వస్తానంటున్నాడు. దారి ఇంకా మూసే ఉంది. చలికాలం ఇంకా చాలా ఉంది. ప్రతి ఉదయం కాఫీ కొట్టు దగ్గర నేనొక్కణ్ణే కూర్చుని, పెద్దాయన అడిగినట్టే అడుగుతున్నాను. గాలి ఉందా, చేతిలో ఉండ అవుతోందా అని. వాడు చెప్తాడు. విని ఊరుకుంటాను. వినడం తప్ప ఆ జవాబులతో ఏం చేయాలో చెప్పేవారు లేరు.

ఈ ఆదివారం వాడు అవతలి ఒడ్డు నుంచి ఒక ఫోటో పంపాడు. అక్కడ సెలవు రోజు. షెడ్ల ముందు మంచు తోసి చదును చేసుకుని, స్వెట్టర్లు విప్పేసి, ఎండలో కూలీలు క్రికెట్ ఆడుతున్నారు. ఇంజనీరు కూడా వాళ్లలో ఉన్నాడు, చేతులు చాచి వెనక్కి పరుగెడుతున్నాడు. ఎవరో బంతిని పైకి కొట్టినట్టుంది. అందరి ముఖాలూ పైకి లేచి ఉన్నాయి. బంతి ఫోటోలో పడలేదు. వాళ్ల తలల మీద, ఫోటో పై అంచు దాకా, ఆ వాలు మీది మంచు తెలుపు.